ఓడల ఉద్గారాల రుసుము ఏడాది వాయిదా: మన బియ్యానికీ మందులకూ యూరియాకూ దీనితో ఏమిటి సంబంధం?

మిర్యాలగూడ బియ్యం
2025 అక్టోబరు 19, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. లండన్‌లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ, అంటే ఐఎంఓ, శుక్రవారం ఒక నిర్ణయాన్ని ఏడాది పాటు వాయిదా వేసింది. ఓడలు వదిలే హరితగృహ వాయువులకు వెల కట్టే నిర్ణయం అది. వాయిదాకు అనుకూలంగా 57 దేశాలు, వ్యతిరేకంగా 49, తటస్థంగా 21. మన పత్రికల్లో లోపలి పేజీల్లో ఓ మూల వచ్చిందంతే.

నాకు మాత్రం ఇది చిన్న వార్త కాదు. మాది బియ్యం మిల్లు. ఈ ఏడాది మార్చి చివర తెలంగాణ ప్రభుత్వం కాకినాడ నుంచి ఫిలిప్పీన్స్‌కు 12,500 టన్నుల బియ్యంతో మొదటి ఓడను పంపింది. అప్పటి నుంచి ఇక్కడి మిల్లర్లలో చాలామంది ఎగుమతి గురించే మాట్లాడుకుంటున్నారు. కాకినాడ లంగరు రేవులో ఎగుమతి ఎలా జరుగుతుందో దగ్గరగా చూశాను. ఓడ ఒడ్డుకు రాదు, దూరంగా సముద్రంలో నిలబడుతుంది. బస్తాలను బార్జీల్లో దానిదాకా తీసుకువెళతారు. వలలో బస్తాలు పేర్చితే ఓడ సొంత క్రేను ఎత్తి అడుగు అరలో దింపుతుంది. గాలి ఎక్కువైతే పని ఆగుతుంది, ఆగిన ప్రతి రోజుకూ ఓడ అద్దె నడుస్తుంది. ఇన్ని ఖర్చులున్నచోట ఇంకో రుసుము వస్తే కిలో బియ్యం మీద ఎంత పడుతుంది? వాయిదా పడటం మనకు మేలా, కీడా? అసలు మన దేశం ఎటు నిలబడింది? తెలిసినవారు చెప్పగలరు.

దేవరకొండ నావికుడు
2025 అక్టోబరు 19, ఉదయం 9:15

అన్నా, మంచి ప్రశ్న వేశారు. నేను సరకు ఓడల్లో ఇంజినీరును, సెలవు మీద ఇంటికి వచ్చాను. లెక్క తరువాత రాస్తాను. ముందు మేము ఏం కాలుస్తామో చెప్పాలి.

ముడి చమురులోంచి పెట్రోలు, డీజిలు, విమాన ఇంధనం తీసేశాక అడుగున మిగిలేదే ఓడల బరువు నూనె. మామూలు వేడిలో అది పంపులో కదలదు. ట్యాంకులోనే ఆవిరి గొట్టాలతో వేడి చేస్తాం, ప్యూరిఫయర్‌లో తిప్పి నీటినీ మడ్డినీ వేరు చేస్తాం, ఇంజిన్‌లోకి చిమ్మే ముందు మళ్లీ 130 డిగ్రీలకు అటూ ఇటూ తీసుకువస్తాం. ఆ గదిలో పని చేసి వచ్చినవాడి చొక్కాను ఎన్నిసార్లు ఉతికినా వాసన పోదు. 2020 జనవరి నుంచి ఇంధనంలో గంధకం 0.5 శాతానికి మించకూడదన్న నియమం వచ్చింది కాబట్టి పొగను కడిగే పరికరం ఉన్న ఓడలే ఇప్పుడు పాత రకం నూనె వాడుతున్నాయి. గంధకం తగ్గింది గానీ కార్బన్ అలాగే ఉంది. ఒక టన్ను నూనె కాలిస్తే 3.1 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పొగగొట్టంలోంచి పోతుంది. నూనెలోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది కాబట్టి బరువు అంత పెరుగుతుంది.

ఐఎంఓ నాలుగో అధ్యయనం ప్రకారం 2018లో ప్రపంచ నౌకా రవాణా వదిలిన హరితగృహ వాయువులు 107.6 కోట్ల టన్నులు. మనుషుల వల్ల వెలువడే మొత్తంలో అది 2.89 శాతం. ప్రపంచ వాణిజ్య సరకులో 80 శాతానికి పైగా ఓడలే మోస్తున్నాయి కాబట్టి టన్ను సరకుకు లెక్కేస్తే ఓడ చవకైనదే, శుభ్రమైనదే. కానీ మొత్తం తగ్గడం లేదు. గొడవంతా అక్కడే.

కొల్లాపూర్ అభ్యర్థి
2025 అక్టోబరు 19, ఉదయం 10:02

నేను గ్రూప్స్‌కు చదువుతున్నాను. పారిస్ ఒప్పందంలో ప్రతి దేశం తన లక్ష్యం తాను చెప్పింది కదా? మరి ఓడలను అందులో ఎందుకు కలపలేదు? వేరే సంస్థ ఎందుకు?

పాలమూరు టీచర్
2025 అక్టోబరు 19, ఉదయం 11:20

బాబూ, దీనికి 1997కు వెళ్లాలి. నేను సాంఘిక శాస్త్రం చెబుతాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదువు.

గ్రీసు యజమాని, లైబీరియా జెండా (అంటే ఓడ నమోదైంది అక్కడ), ఫిలిప్పీన్స్ సిబ్బంది, చైనాలో నిర్మాణం. ఆ ఓడ బ్రెజిల్ నుంచి జపాన్‌కు ఇనుప ఖనిజం తీసుకుపోతూ సింగపూర్‌లో ఇంధనం నింపుకుంది అనుకో. ఆ పొగ ఏ దేశం లెక్కలో రాయాలి? నడిసముద్రంలో కాలిన ఇంధనానికి సొంతదారు దొరకలేదు. అందుకే క్యోటో ఒప్పందంలోని రెండో అధికరణం, ఓడల సంగతి ఐఎంఓ ద్వారా, విమానాల సంగతి పౌర విమానయాన సంస్థ ద్వారా చూసుకోమని సంపన్న దేశాలకు అప్పగించింది. 2015 పారిస్ ఒప్పందంలో ఓడల పేరు కూడా లేదు.

అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. వాతావరణ ఒప్పందాలన్నింటికీ మూలసూత్రం ఒకటుంది: బాధ్యత అందరిదీ, కానీ ఎక్కువ కాల్చి ఎదిగినవారిది ఎక్కువ. ఐఎంఓ మూలసూత్రం పూర్తిగా వేరు: జెండా ఏదైనా సరే, ఓడలన్నింటికీ ఒకే నియమం. ఒక గదిలో ఈ రెండు సూత్రాలనూ పెట్టి తలుపు మూశారు. ఏళ్ల తరబడి చర్చ ముందుకు పోకపోవడానికి పెద్ద కారణం అదే.

మెల్లగా కదిలింది మాత్రం నిజం. 2011లో కొత్త ఓడల డిజైనుకు ఇంధన సామర్థ్య ప్రమాణాలు వచ్చాయి, 2013 నుంచి అమలు. 2018 ఏప్రిల్‌లో మొదటి వ్యూహం: 2008తో పోలిస్తే 2050 నాటికి ఉద్గారాలను కనీసం సగానికి తగ్గించడం. 2023 జులైలో దాన్ని సవరించి, 2050 దరిదాపుల్లో నికర శూన్యం అన్నారు. మధ్యలో రెండు మజిలీలు: 2030కి 20 శాతం, వీలైతే 30, 2040కి 70 శాతం, వీలైతే 80. ఇవన్నీ లక్ష్యాలే, చేయకపోతే ఏమవుతుందో వాటిలో లేదు. ఆ లోటు పూడ్చడానికి తెచ్చిందే ఇప్పుడు వాయిదా పడిన చట్రం.

ఎడమ కాలువ రైతు
2025 అక్టోబరు 19, మధ్యాహ్నం 1:35

టీచర్ గారూ, చక్కగా చెప్పారు. కానీ నా అభిప్రాయం వేరు. వాయిదా పడటం మంచిదే అంటాను.

వందేళ్లకు పైగా బొగ్గూ నూనే కాల్చి కోటలు కట్టుకున్నది వాళ్లు. ఇప్పుడు ఓడలన్నింటికీ సమానంగా రుసుము అంటే, అది చివరకు ఎవరి మీద పడుతుంది? సరకు పంపే మన మీద, సరకు తెప్పించుకునే మన మీద. ఊరి చెరువు పూడిక తీయడానికి యాభై ఎకరాల ఆసామీకీ అరెకరం కౌలుదారుకూ ఒకే చందా వేస్తే ఎవరైనా ఒప్పుకుంటారా? మన దేశం ఐఎంఓలో ఇదే మాట గట్టిగా అడగాలి.

జడ్చర్ల ఎగుమతి విభాగం
2025 అక్టోబరు 19, మధ్యాహ్నం 2:50

రైతు గారి బాధ అర్థమవుతుంది. అయితే ఒక విషయం చెప్పాలి. రుసుము రాబోతోందని అందరూ అంటున్నారు, మేము ఇప్పటికే కడుతున్నాం.

నేను మందుల కంపెనీలో సరకు పంపే విభాగంలో ఉన్నాను. యూరప్‌కు వెళ్లే కంటైనర్లు మా దగ్గర ఎక్కువ. నౌకా కంపెనీ పంపే బిల్లులో అసలు కిరాయి ఒక వరుస, ఇంధన సర్‌ఛార్జీ ఇంకో వరుస, రేవు ఛార్జీలు మరో వరుస. 2024 జనవరి నుంచి వాటి కింద కొత్త వరుస చేరింది: యూరప్ ఉద్గారాల సర్‌ఛార్జీ. యూరోపియన్ యూనియన్ తన కార్బన్ మార్కెట్‌లోకి, అంటే ఉద్గారాలకు అనుమతులు కొనాల్సిన ఏర్పాటులోకి, ఓడలను తెచ్చింది. బయటి దేశం నుంచి యూరప్ రేవుకు వచ్చే ప్రయాణమైతే ఉద్గారాల్లో సగం లెక్కలోకి వస్తుంది. అందులోనూ మెట్లున్నాయి: 2024 ఉద్గారాలకు 40 శాతం, 2025 ఉద్గారాలకు 70 శాతం, 2026 నుంచి పూర్తిగా. దీనికి తోడు 2025 జనవరి నుంచి, వాడే ఇంధనం ఎంత ఉద్గారం వదులుతుందన్న దాని మీద ఇంకో నియమం. ఎర్రసముద్రంలో దాడులు మొదలయ్యాక ఓడలు ఆఫ్రికా చుట్టి పోతున్నాయి. దారి పెరిగింది, నూనె పెరిగింది, దానితో ఈ వరుసలో అంకె కూడా పెరిగింది.

ఆ డబ్బు ఎక్కడికి పోతుంది? యూరప్ దేశాల ఖజానాలకు, వాళ్ల నిధులకు. జడ్చర్ల నుంచి కట్టిన దానిలో ఒక్క రూపాయి మన రేవులకు రాదు. ప్రపంచమంతటికీ ఒకే ఏర్పాటు వస్తే అందులో కనీసం మనకు ఓటు ఉంటుంది. వాయిదా పడితే ప్రాంతానికో రుసుము పుట్టుకొస్తుంది. అందుకే శుక్రవారం నాటి నిర్ణయం నాకు చేదుగా ఉంది.

కొల్లాపూర్ అభ్యర్థి
2025 అక్టోబరు 19, మధ్యాహ్నం 3:10

ఇది నాకు బొత్తిగా తెలియదు. ధన్యవాదాలు సార్.

దేవరకొండ నావికుడు
2025 అక్టోబరు 19, సాయంత్రం 6:30

మాట ఇచ్చిన ప్రకారం లెక్క. ముందు చట్రం ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఇది వచ్చేది 5,000 గ్రాస్ టన్నుల (ఓడ లోపలి పరిమాణానికి కొలమానం) పైబడిన ఓడలకు. సంఖ్యలో తక్కువైనా అంతర్జాతీయ నౌకా రవాణా కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 85 శాతం వీటిదే. కాలిన ప్రతి టన్నుకూ సుంకం కాదిది. ఇంధనంలోని ఒక మెగాజౌల్ శక్తికి ఎన్ని గ్రాముల ఉద్గారమో లెక్కిస్తారు. నూనె బావి దగ్గర నుంచి ఓడ పొగగొట్టం దాకా అంతా కలిపి. 2008 సగటు 93.3 గ్రాములు. దాని మీద రెండు గీతలు: 2028లో కింది గీత 4 శాతం తగ్గింపు, పై గీత 17 శాతం. 2030కి అవి 8, 21. 2035కి 30, 43.

పై గీత అందుకున్న ఓడకు రుసుము లేదు. రెండు గీతల మధ్య ఉంటే ఆ లోటులో టన్ను ఉద్గారానికి 100 డాలర్లు. కింది గీతను కూడా అందుకోకపోతే ఆ మిగతా లోటుకు టన్నుకు 380 డాలర్లు. ఈ ధరలు 2030 వరకే, తరువాతివి మళ్లీ తేల్చాలి.

ఇప్పుడు మన బియ్యం. 25,000 టన్నుల బియ్యం మోసే ఓడ, రోజుకు 20 టన్నుల నూనె, కాకినాడ నుంచి మనీలాకు పది రోజులు, ఖాళీగా తిరిగి వస్తే ఇంకో పది. మొత్తం 400 టన్నుల నూనె. ఇవి నేను వేసుకున్న అంచనాలు, ఓడను బట్టి మారతాయి. బావి నుంచి లెక్కేస్తే టన్ను నూనెకు సుమారు 3.75 టన్నుల ఉద్గారం. మామూలు నూనె కాల్చే ఓడకు 2028లో లోటు ఇలా: 4 శాతానికి 380 చొప్పున 57 డాలర్లు, ఆపై 13 శాతానికి 100 చొప్పున 49 డాలర్లు. టన్ను నూనెకు 106 డాలర్లు. ప్రయాణానికి 42,400. దాన్ని 25,000 టన్నుల బియ్యానికి పంచితే టన్నుకు 1.70 డాలర్లు. డాలరు 88 రూపాయలనుకుంటే టన్నుకు 150 రూపాయలు, కిలోకు 15 పైసలు. ఇదే పద్ధతిలో 2030కి కిలోకు 23 పైసలు.

అన్నా, 15 పైసలు తక్కువని నేను అనను. టెండర్లో పైసల దగ్గరే బేరం పోతుందని మీకు నాకన్నా బాగా తెలుసు. కానీ 2022 మధ్యలో సింగపూర్‌లో తక్కువ గంధకం నూనె టన్ను వెయ్యి డాలర్లు దాటింది. ఇప్పుడు సగం దరిదాపుల్లో ఉంది. ఆ ఊపుకు ఏ దేశమూ ఓటు వేయలేదు, ఆ డబ్బు ఏ నిధిలోకీ రాలేదు. అయినా మీరు భరించారు.

మిర్యాలగూడ బియ్యం
2025 అక్టోబరు 19, రాత్రి 8:05

తమ్ముడూ, ఈ లెక్క ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు. కిలోకు రూపాయి రెండు రూపాయలు పడుతుందేమోనని భయపడ్డాను. 15 పైసలు థాయిలాండ్, వియత్నాం బియ్యం మీద కూడా పడుతుంది కదా, వాళ్లు కూడా అదే నూనె కాలుస్తారు. పైగా మనీలాకు వాళ్ల దారి మనకన్నా దగ్గర కాబట్టి తేడా కొంత మన మీదే ఎక్కువ. అయినా అది తట్టుకోలేనిది కాదు.

ఎడమ కాలువ రైతు
2025 అక్టోబరు 19, రాత్రి 9:20

లెక్క బాగుంది. కానీ నన్ను అసలు కలవరపెడుతున్నది వేరొకటి. నూనె మానేసి ఓడలు అమ్మోనియా కాల్చబోతున్నాయని చదివాను. యూరియా తయారయ్యేది అమ్మోనియాతోనే కదా.

ఈ వానాకాలం యూరియా కోసం మేము పడ్డ పాట్లు ఇక్కడివారందరికీ తెలుసు. తెల్లవారుజామున సొసైటీ ముందు చెప్పులు వరుసలో పెట్టి, పక్కన పాసుపుస్తకాలు పట్టుకుని కూర్చున్నాం. నాటు పడిన పొలానికి మొదటి దఫా యూరియా సమయానికి పడకపోతే పిలకలు రావు, తరువాత ఎంత వేసినా ఆ లోటు తీరదు. మా పక్క పొలం ఆడబిడ్డ చంటిపిల్లను చంకనేసుకుని వచ్చి రెండు బస్తాలతో వెనుదిరిగింది. 45 కిలోల బస్తాలో ఎంత అమ్మోనియా పడుతుందో చెప్పండి. రేపు ధనిక దేశాల ఓడలు అదే అమ్మోనియాకు ఎక్కువ ధర ఇస్తామంటే అమ్మేవాడు ఎవరికి అమ్ముతాడు?

దేవరకొండ నావికుడు
2025 అక్టోబరు 20, ఉదయం 8:45

మీ భయం నిజమైనదే. నేను దాన్ని తోసిపుచ్చను.

టన్ను యూరియాకు సుమారు 0.58 టన్ను అమ్మోనియా కావాలి, అంటే మీ బస్తాలో 26 కిలోలు. ప్రపంచంలో ఏటా తయారయ్యే అమ్మోనియా 18 కోట్ల టన్నుల దాకా, అందులో ఎక్కువ భాగం ఎరువులకే. ఇక పెద్ద ఓడలు ఏటా కాల్చే నూనె 20 కోట్ల టన్నులకు పైనే. కిలోకు అమ్మోనియా ఇచ్చే శక్తి నూనె ఇచ్చేదానిలో సగం కూడా లేదు. ఓడలన్నీ అమ్మోనియాకు మారితే ఇప్పటి ప్రపంచ ఉత్పత్తికి రెండింతలకు మించి కావాలి.

అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. ఇప్పుడు ఎరువుల కర్మాగారాల్లో వాడే అమ్మోనియా సహజవాయువు నుంచి వస్తుంది, దాని తయారీలోనే కార్బన్ భారీగా వెలువడుతుంది. బావి నుంచి పొగగొట్టం దాకా లెక్క కట్టే నియమంలో అలాంటి అమ్మోనియాతో ఓడకు లాభం లేదు. సౌర, పవన విద్యుత్తుతో నీటిని విడగొట్టి తీసిన హైడ్రోజన్‌తో చేసిన అమ్మోనియాకే లాభం. కాబట్టి ఓడలకు కావలసింది కొత్తగా కట్టే కర్మాగారాల నుంచి రావాలి. మన దేశం 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030కి ఏటా 50 లక్షల టన్నుల లక్ష్యం. కాకినాడలోనూ హరిత అమ్మోనియా కర్మాగారం వస్తోంది. అది ఎగుమతికే పోతుందా, కొంతైనా ఎరువుకు మళ్లుతుందా అన్నది మన ప్రభుత్వాలను అడగాల్సిన ప్రశ్న.

నావికుడిగా ఇంకో మాట. అమ్మోనియా విషవాయువు. ఇంజిన్ గది మూసి ఉండే చోటు, అక్కడ ఒక గొట్టం కీలు వదులైతే బయటకు పరుగెత్తే సమయం కూడా ఉండదు. ప్రపంచ నావికుల్లో దాదాపు పదోవంతు మంది భారతీయులు. ఈ ఇంధనం దగ్గర పనిచేసే చేతుల్లో మనవి చాలా ఉంటాయి. శిక్షణకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని నేను అడుగుతాను. వాయిదా పడిన చట్రంలో ఆ డబ్బుకు చోటుంది.

పాలమూరు టీచర్
2025 అక్టోబరు 20, ఉదయం 11:00

దీపావళి శుభాకాంక్షలు అందరికీ.

రైతు గారూ, మీ చెరువు పోలిక దగ్గరకే వస్తాను. కౌలుదారుకు తక్కువ చందా వేయాలన్న మాటలో న్యాయం ఉంది. కానీ ఓడల విషయంలో అది ఒక చోట చిక్కుపడుతుంది. పేద దేశాల జెండా ఉన్న ఓడలకు మినహాయింపు ఇచ్చారనుకోండి. మరుసటి నెలకే ధనిక దేశాల యజమానులంతా తమ ఓడలను ఆ జెండాల కిందికి మారుస్తారు. ఇప్పటికే లైబీరియా, పనామా, మార్షల్ దీవులు, ఈ మూడు జెండాల కిందే ప్రపంచ నౌకా సామర్థ్యంలో 40 శాతానికి పైగా ఉంది. జెండా మార్చడానికి కావలసింది కాగితాలే.

అందుకే వసూలు దగ్గర తేడా పెట్టడం కుదరదు, పంపకం దగ్గరే పెట్టాలి. ఓడలన్నీ ఒకే లెక్కన కట్టాలి, వచ్చిన నిధిలోంచి ఎక్కువ భాగం వెనకబడిన దేశాలకు, ద్వీపాలకు, మన రేవులకు, మన నావికుల శిక్షణకు రావాలి. ఏటా వెయ్యి కోట్ల డాలర్లకు పైగా రావచ్చని అంచనాలు ఉన్నాయి. వాదించాల్సింది ఆ పంపకం గురించి. ఏ దేశానికి ఎంత అన్నది చట్రంలో స్పష్టంగా రాయలేదు, నా అసంతృప్తి కూడా అక్కడే.

మార్షల్ దీవుల సంగతి చూడండి. ప్రపంచంలోని పెద్ద నౌకా రిజిస్ట్రీల్లో ఒకటి వాళ్లది. అదే దేశపు నేల సముద్రమట్టానికి సగటున రెండు మీటర్ల ఎత్తు. వాళ్ల విదేశాంగ మంత్రి టోనీ డి బ్రమ్ 2015లోనే ఐఎంఓకు వెళ్లి ఓడలకు ఉద్గారాల లక్ష్యం పెట్టమని అడిగారు. 2021లో మార్షల్, సాలమన్ దీవులు టన్నుకు 100 డాలర్ల సుంకం ప్రతిపాదించాయి. పూర్తి సుంకం, ప్రతి టన్నుకూ. ఈ ఏప్రిల్‌లో చట్రం ఓటుకు వచ్చినప్పుడు 63 దేశాలు అవునన్నాయి, 16 కాదన్నాయి, 24 తటస్థంగా ఉన్నాయి. ఆ తటస్థుల్లో పసిఫిక్ దీవుల దేశాలు ఉన్నాయి. ఇంత బలహీనమైన దానితో తమ నేల నిలవదని వాళ్ల ఆవేదన. సౌదీ, రష్యా వంటి చమురు దేశాలు కాదన్నాయి. మన దేశం అవునంది.

ఎడమ కాలువ రైతు
2025 అక్టోబరు 20, మధ్యాహ్నం 12:15

మన దేశం అనుకూలంగా ఓటేసిందా? అయితే ఆరు నెలల్లో లెక్క ఎలా తిరగబడింది?

పాలమూరు టీచర్
2025 అక్టోబరు 20, మధ్యాహ్నం 12:50

అక్టోబరులో జరిగింది వేరే ఓటు. ఏప్రిల్‌లో ముసాయిదాను ఆమోదించారు. ఇప్పుడు తుది స్వీకారం జరగాలి, దానికి ఓడల కాలుష్యంపై ఐఎంఓ ఒప్పందంలో ఉన్న దేశాల్లో హాజరై ఓటేసేవారిలో మూడింట రెండు వంతులు కావాలి. అమెరికా ఏప్రిల్‌లోనే చర్చల నుంచి వెళ్లిపోయింది. అక్టోబరులో సమావేశానికి ముందే, అనుకూలంగా ఓటేసే దేశాల మీద సుంకాలు, వీసా ఆంక్షలు, రేవు రుసుములు ఉంటాయని బాహాటంగా హెచ్చరించింది. చివరి రోజున సౌదీ అరేబియా వాయిదా తీర్మానం పెట్టింది. వాయిదాకు మామూలు ఆధిక్యం చాలు. 57, 49. అంతే. 2027 మార్చిలో అమల్లోకి రావాల్సిన చట్రం ఆగిపోయింది.

ఒక చిన్న ద్వీప దేశపు ప్రతినిధి స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి. తన నేల మునుగుతోంది, చట్రానికి ఓటేస్తే తన ఓడలకు పెద్ద దేశం రేవులో జరిమానా. ఇది సంప్రదింపు కాదు, బెదిరింపు. నేను పిల్లలకు ఐక్యరాజ్య సమితి పాఠం చెప్పేటప్పుడు ఈ వారం సంగతి చెప్పకుండా ఉండలేను.

జడ్చర్ల ఎగుమతి విభాగం
2025 అక్టోబరు 20, మధ్యాహ్నం 2:30

వెంటనే ఓడలు ఏం చేయగలవన్నది కూడా చూడాలి. నావికుడు తమ్ముడు చెప్పాలి.

దేవరకొండ నావికుడు
2025 అక్టోబరు 20, సాయంత్రం 4:10

నెమ్మదిగా నడపడమే అన్నింటికన్నా చవక. ఓడకు కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం పదోవంతు తగ్గిస్తే ఇంజిన్ శక్తి పావుకు మించి తగ్గుతుంది. ప్రయాణం సాగుతుంది కాబట్టి మొత్తం మీద నూనె ఆదా అయిదో వంతు దగ్గర ఉంటుంది. రేవుకు పరుగున వెళ్లి అక్కడ రోజుల తరబడి లంగరు మీద నిలబడటం మానేస్తే ఇంకా మిగులుతుంది. ఒప్పందాలు ‘ముందు వచ్చినవారికి ముందు’ పద్ధతిలో ఉన్నంతకాలం కెప్టెన్లు పరుగెడుతూనే ఉంటారు.

గాలిని మళ్లీ వాడుకునే ప్రయత్నాలున్నాయి. 2023 ఆగస్టులో పిక్సిస్ ఓషన్ అనే సరకు ఓడ నిలువెత్తు రెక్కలతో సముద్రం మీదికి వెళ్లింది. అదే ఏడాది మిథనాల్‌తో నడిచే మొదటి కంటైనర్ ఓడ వచ్చింది. 2023 నుంచి ప్రతి పెద్ద ఓడకూ ఏటా ఏ నుంచి ఈ వరకు కార్బన్ గ్రేడు ఇస్తున్నారు. రోజూ మధ్యాహ్నం కెప్టెన్ పంపే నివేదికలో దూరం, వేగం, కాల్చిన నూనె ఉంటాయి. ఆ అంకెలే గ్రేడుకు ఆధారం. దిగువ గ్రేడు వస్తే దిద్దుబాటు ప్రణాళిక రాయాలి. అంతకు మించి శిక్ష లేదు. అందుకే డబ్బుతో ముడిపడిన నియమం కావాలని మాలో చాలామంది అంటున్నారు. ఎల్‌ఎన్‌జీ, అంటే ద్రవంగా మార్చిన సహజవాయువు (ఎక్కువగా మీథేనే), గురించి అడగబోయేవారికి: కాలకుండా జారిపోయే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎన్నో రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. దాన్ని పూర్తి పరిష్కారంగా నేను నమ్మను.

నిర్వాహకులు
2025 అక్టోబరు 20, సాయంత్రం 5:00

చర్చ బాగుంది. దామరచర్ల థర్మల్ కేంద్రం గురించి వచ్చిన వ్యాఖ్యలను వేరే చర్చకు మార్చాం. అక్కడ కొనసాగించండి.

ఎడమ కాలువ రైతు
2025 అక్టోబరు 20, రాత్రి 7:30

టీచర్ గారూ, వసూలు అందరి దగ్గరా, పంపకంలో తేడా అన్న మాట ఆలోచించదగినదే. కానీ ఆ నిధి మన దాకా వస్తుందన్న పూచీ ఎవరిస్తారు? ఏటా పది వేల కోట్ల డాలర్లు ఇస్తామని 2009లో కోపెన్‌హాగన్‌లో సంపన్న దేశాలు చెప్పాయి. 2020కి అది పూర్తి కాలేదు. ఒకసారి మాట తప్పినవాళ్ల చేతికి డబ్బు పెట్టె ఇవ్వమంటే నా మనసు ఒప్పుకోదు.

నా షరతు ఇది: పంపకం ముందే అంకెల్లో రాయాలి. యూరియా దిగుమతి ఓడల మీద పడే రుసుము రైతు బస్తా ధరలోకి రాకూడదు. అప్పుడు నేనూ అవునంటాను.

పాలమూరు టీచర్
2025 అక్టోబరు 20, రాత్రి 8:20

మీ షరతులో ఒక్క అక్షరం కూడా మార్చను. ఒకటే తేడా: ఇది ఓడల నుంచి నేరుగా నిధికి వెళ్లే డబ్బు, ఏ దేశపు బడ్జెట్ మీదా ఆధారపడదు. మాట తప్పే అవకాశం కొంత తగ్గుతుంది. మిగతాది ఈ ఏడాదిలో మన ప్రతినిధులు ఎంత గట్టిగా అడుగుతారన్న దాని మీద ఉంది. మన వాణిజ్య సరకు పరిమాణంలో 95 శాతం సముద్రం మీదే నడుస్తుంది, ప్రపంచ ఓడల్లో మన జెండా వాటా చూస్తే ఒక శాతం చుట్టుపక్కల. అంటే మనం ఓడల యజమానులం కాదు, కిరాయి కట్టేవాళ్లం. కిరాయి కట్టేవాళ్ల తరఫున మాట్లాడాలి.

మిర్యాలగూడ బియ్యం
2025 అక్టోబరు 21, ఉదయం 6:50

అందరికీ ధన్యవాదాలు. ఒక్క ప్రశ్న మిగిలింది. చట్రం మళ్లీ వచ్చి అమలైతే, ఆ 15 పైసలు ఓడ యజమాని భరిస్తాడా, నేను భరించాలా?

దేవరకొండ నావికుడు
2025 అక్టోబరు 21, ఉదయం 7:25

చట్టం ప్రకారం కట్టాల్సింది ఓడ తరఫున. కానీ ఆ బరువు ఎవరి మీదికి దిగుతుందో ఓడ అద్దె ఒప్పందం చెబుతుంది. యూరప్ రుసుము వచ్చినప్పుడు కొత్త షరతులు ఒప్పందాల్లో ఎలా చేరాయో జడ్చర్ల సార్ చూశారు. మీరు ఏడాదికి మించిన ఒప్పందం చేసుకుంటే ఉద్గారాల ఖర్చు ఎవరిది, ఏ లెక్కన, ఖాళీ ప్రయాణానిది కూడా మీదేనా అన్న మూడింటినీ కాగితం మీద రాయించుకోండి. బ్రోకరు ‘తరువాత చూద్దాం’ అంటే సంతకం పెట్టకండి.

జడ్చర్ల ఎగుమతి విభాగం
2025 అక్టోబరు 21, ఉదయం 9:10

మా ఒప్పందాల్లో వాడిన షరతుల నమూనాను కంపెనీ పేర్లు తీసేసి ఈ సాయంత్రం ఇక్కడ పెడతాను. మిల్లర్ల సంఘం వాళ్లకు కూడా పంపండి. రైతు గారూ, మీ రెండు షరతులనూ ఒక వినతిపత్రంగా రాస్తే నౌకా రవాణా శాఖకు పంపడానికి సంతకాలు మేమూ చేస్తాం.

ఎడమ కాలువ రైతు
2025 అక్టోబరు 21, ఉదయం 10:00

రాస్తాను. కోతలు ఉన్నాయి, వారం ఆగండి. అంకెలు సరిచూసే పని నావికుడు తమ్ముడిది.